మాస్తి వెంకటేశ అయ్యంగార్: ఇంటి భాష, రాత భాష

కోలారు జిల్లా నుంచి మా పీఠానికి వచ్చే విద్యార్థులు మొదటి వారంలోనే ఒక మాట అంటారు: "ఇంట్లో తెలుగే సార్, చదివేకి రాసేకి రాదు." ఆ మాట అనేటప్పుడు గొంతులో కొంత సిగ్గు వినిపిస్తుంది. ('చదివేకి' అన్న రూపం చూసి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. అనంతపురం జిల్లాలోనూ అలాగే అంటారు.) బంగారు గనుల పట్టణం నుంచి వచ్చినవారి సంగతి ఇంకా చిక్కు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టిన తరువాత ఉత్తర ఆర్కాడు, చిత్తూరు ప్రాంతాల నుంచి కూలికి వచ్చిన కుటుంబాలవారు వాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడమో ఇంగ్లీషో. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బతుకుతెరువు బెంగుళూరికి మారింది గాని, భాషల చిక్కు అలాగే ఉంది. "ఇంతకీ మాది ఏ భాష?" అని అడుగుతారు.

వ్యాకరణం ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అదే జిల్లాలో పుట్టిన ఒక రచయిత జీవితం కొంతవరకు చెబుతుంది. ఆయన తెలుగువారు కారు, తెలుగులో రాయలేదు. అయినా ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాము.

మాస్తి వెంకటేశ అయ్యంగార్ 1891 జూన్ 6న మాలూరు తాలూకాలో పుట్టారు. ఇంటి పేరుగా నిలిచిన 'మాస్తి' ఆ తాలూకాలోని ఊరే. శ్రీవైష్ణవ కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తమిళం. చదువు లేమిలోనే, బంధువుల ఇళ్లలో ఉంటూ సాగింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, మైసూరు సంస్థానం సివిల్ సర్వీసులో చేరారు. జిల్లా జిల్లా తిరిగే ఉద్యోగం. గ్రామాల జమాబందీల్లో, కచేరీల్లో, బాటసారుల నోట ఎన్ని కథలు విన్నారో! 1943లో, తనకు రావలసిన పెద్ద పదవి తనకంటే చిన్నవారికి ఇచ్చారని రాజీనామా చేశారు. ఆ మరుసటి సంవత్సరం 'జీవన' మాసపత్రిక బాధ్యత తీసుకొని, ఇరవై ఏళ్లు నడిపారు. 1986లో సరిగ్గా పుట్టినరోజు నాడే కన్నుమూశారు.

ఇంట్లో తమిళం, పట్టా ఇంగ్లీషులో. మరి రాయటానికి కన్నడాన్ని ఎందుకు ఎంచుకున్నారు? ఆయన ఒక్కరే అలా చేయలేదు. నాటకకర్త కైలాసం తమిళ కుటుంబంవారు, కవి బేంద్రే ఇంటి భాష మరాఠీ. ఆ తరంవారు ఇంటి భాషను తోసివేసి కన్నడానికి వచ్చినవారు కారు. చుట్టూ ఉన్న మనుషులు ఏ భాషలో గోడు చెప్పుకుంటున్నారో ఆ భాషలో తిరిగి చెప్పారు, అంతే. మాస్తి విషయంలో ఇది కథలలోనే కనిపిస్తుంది. 1920లో 'కెలవు సణ్ణ కథెగళు' సంపుటితో ఆధునిక కన్నడ కథకు ఒక దారి వేసింది ఆయనే. వాటిలో చాలా కథలు ఎవరో చెప్పగా మరెవరో విన్నట్లుగా నడుస్తాయి. చెప్పేవారి యాస, తడబాటు, మధ్యమధ్య నిట్టూర్పు అన్నీ ఉంటాయి. చెవితో రాసిన కథలని మేము అంటూ ఉంటాము.

'మొసరిన మంగమ్మ' తీసుకోండి. మంగమ్మ పల్లె నుంచి బెంగుళూరికి పెరుగు తెచ్చి అమ్ముకునే మనిషి. పెరుగు పోయించుకునే ఇల్లాలే ఆమె కథ మనకు చెబుతుంది. కోడలు పిల్లవాణ్ణి కొట్టిందని అత్త అడగటం, మాటా మాటా పెరగటం, కొడుకు పెళ్లాం పక్షాన నిలవటం, వేరు కుంపటి. ఒంటరిగా ఉన్న ముసలమ్మ చేతిలోని నాలుగు డబ్బుల మీద ఒకడి కన్ను పడుతుంది. చివరికి మనవడు నాయనమ్మ దగ్గరికి పరుగెత్తుకు రావటంతో ఇంటి గొడవ మెత్తబడుతుంది. ఇంతే కథ. ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు, ఎవరిదీ పూర్తిగా ఒప్పు కాదు. ముళబాగిలు పల్లెలో ఈ కథ చదివి వినిపిస్తే, ఇది మా ఇంటిదే అనని తెలుగు అత్తగారు ఉంటుందా?

కవిగా ఆయన కలం పేరు 'శ్రీనివాస'. 1922లో 'బిన్నహ' నుంచి 1972లో వచ్చిన 'శ్రీరామ పట్టాభిషేక' కావ్యం దాకా పద్యం విడవలేదు. అయితే ఆయన కవిత్వంలోనూ మంచిది కథ చెప్పేదేనని మా అభిప్రాయం. విమర్శకుడిగా 'విమర్శె' సంపుటాలు, వాల్మీకిపై 'ఆదికవి వాల్మీకి' ముఖ్యమైనవి. పాండిత్య ప్రదర్శన లేకుండా, మామూలు చదువరికి అర్థమయ్యే మాటల్లో కావ్యాన్ని తూచటం వాటి గుణం. మన విమర్శకులు కొందరు ఇది గమనిస్తే బాగుండును.

నవలల్లో 'చిక్కవీర రాజేంద్ర' (1956)కు 1983 జ్ఞానపీఠ పురస్కారం దక్కింది. 1834లో ఇంగ్లీషువారు కొడగును కలుపుకున్న ఘట్టం అది. చివరి రాజు క్రూరుడు, వ్యసనపరుడు. ఆ మాట రచయిత దాచరు. కాని రాజ్యం ఒక్కడి దుర్మార్గం వల్ల పోలేదు. ఓర్చుకొని ఓర్చుకొని, చివరికి పరాయివాణ్ణి తలుపు తీసి పిలిచిన మంత్రులూ అందులో భాగస్వాములే. మన విశ్వనాథవారి నవలల్లో రచయిత గొంతు అడుగడుగునా వినిపిస్తుంది. మాస్తి పక్కకు తప్పుకుంటారు. తీర్పు చెప్పే పని చదువరికి మిగులుతుంది.

ఇక మన విద్యార్థుల సంగతి. మాస్తి కన్నడానికి వెళ్లారు గనుక మీరూ తెలుగు వదలండి అని ఎవరైనా చెబితే, అది తప్పుడు లెక్క. ఎదురు ఉదాహరణ అదే మైసూరులో ఉంది: రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు చెప్పారు, వేమనపై 1928లో చేసిన ఉపన్యాసాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కన్నడ దేశంలో ఉన్నంత మాత్రాన ఆయన తెలుగు పలచబడలేదు. ఏ భాషలో రాసినా పక్క భాషను చెవిలో ఉంచుకోవటమే వీరిద్దరిలో మాకు నచ్చినది.

మీకు ఇంకొక సౌకర్యం ఉంది. కన్నడ లిపి వచ్చినవారికి తెలుగు లిపి కొద్ది వారాల పని. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. మాటల్లోనూ దారులు కనిపిస్తాయి. పాత కన్నడంలోని పదాది 'ప' కాలక్రమాన 'హ' అయింది. అందుకే మన పాలు, పులి అక్కడ హాలు, హులి. మన పల్లె అక్కడ హళ్ళి. 2007 దాకా కోలారు జిల్లాలో ఉన్న బాగేపల్లి పేరులో మాత్రం ఆ 'ప' అలాగే కూర్చుని ఉంది.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మంగమ్మ కథను కన్నడంలో చదివి, మీ అవ్వకు ఇంటి తెలుగులో చెప్పండి. 'సొసె' అన్నచోట 'కోడలు' అనటం సులువే. మంగమ్మ కోపంలో అన్న మాటలు తెలుగులోకి తేవటం దగ్గరే చిక్కు. అక్కడ అవ్వ మీకు మాట అందిస్తుంది. అది రాసుకొని రండి, తరగతి మొదలుపెట్టేది దానితోనే.