కర్ణం చెప్పే కబుర్లు

శృంగవరపుకోట (ఎస్.కోట)లో ఇంటికి మార్కింగు చేసే తాపీమేస్త్రి నాలుగు మూలలా మేకులు కొట్టి దారం కట్టాక అక్కడితో ఊరుకోడు. మూల నుంచి మూలకి టేపు పట్టి ‘క్రాసు’, అంటే కర్ణం, చూస్తాడు. ఇల్లు 30 అడుగులకి 40 అయితే రెండు క్రాసులూ 50 రావాలి. ఎదురెదురు గోడలు సమానమైనంత మాత్రాన సరిపోదు. అది ఉత్త సమాంతర చతుర్భుజమే అయ్యుండొచ్చు.

ఇందులో తమాషా ఏమిటంటే, సమాంతర చతుర్భుజంలో రెండు కర్ణాల వర్గాల మొత్తం నాలుగు భుజాల వర్గాల మొత్తానికి సమానం. మన ఇంటికది 5,000. కాబట్టి ఒక క్రాసు 51 వచ్చిందంటే రెండోది కొలవక్కర్లేదు, 49కి పావంగుళం తక్కువ ఉంటుంది. పోయే స్థలం చదరపు అడుగే! కానీ 40 అడుగుల గోడ కొస ఇరవై అంగుళాలు పక్కకి జరిగిపోతుంది. ఆనక టైల్సు వేసేవాడి తిప్పలు చూడాలి.

తొమ్మిదో తరగతి పిల్లలు దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని వరసగా రాసే నిరూపణలోనూ కీలకం కర్ణమే. అది గీయగానే రెండు త్రిభుజాలు. ఏకాంతర కోణాలు సమానం, భుజం ఉమ్మడి. కో.భు.కో. నియమంతో అవి సర్వసమానం. దాంతో ఎదురు భుజాలు, ఎదురు కోణాలు సమానమని తేలిపోతుంది. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ మొదటి పుస్తకం 34వ ప్రతిపాదనలో చేసిందీ ఇదే.

‘బొమ్మ చూస్తే తెలుస్తోంది కదా, నిరూపించడమెందుకు?’ అనేవాళ్లకి చిన్న పరీక్ష. కాగితాన్ని సమాంతర చతుర్భుజంగా కత్తిరించి కర్ణం వెంట మడవండి. రాంబస్ అయితే తప్ప సగాలు కలవవు. విడదీసి, ఒక ముక్కని అరచుట్టు తిప్పితేనే ఒకదాని మీదొకటి కూర్చుంటాయి. కన్ను చెప్పేదంతా నమ్మలేం మరి.

సమాంతర చతుర్భుజం జాడ రైలు మీదా ఉంది. ఎస్.కోట స్టేషన్లో కిరండూల్ రైలు ఆగినప్పుడు ఇంజను నెత్తి చూడండి. కరెంటు తీగని తాకే ఆ పాంటోగ్రాఫ్‌కి పేరు బొమ్మలు పెద్దవి చేసే పరికరం నుంచి వచ్చింది. 1603లో క్రిస్టాఫ్ షైనర్ తయారుచేసిన ఆ పరికరం నాలుగు పుల్లల సమాంతర చతుర్భుజమే. తొలినాటి ఇంజన్ల మీది పాంటోగ్రాఫ్ అచ్చం వజ్రం గుర్తులా ఉండేది, ఇప్పుడు మడిచిన మోచెయ్యే.

ఇక ఎస్.కోట చుట్టూ ఉన్న మళ్లు. ఆకారం ఎంత వంకరగా ఉన్నా సరే, తిన్నని గట్లతో నాలుగు మూలల మడి అయితే నాలుగు గట్ల మధ్య బిందువులు కలపండి, సమాంతర చతుర్భుజం వచ్చి తీరుతుంది. ఫ్రెంచి గణితజ్ఞుడు వారిన్యాఁ చెప్పిన ఈ సంగతి ఆయన పోయిన తొమ్మిదేళ్లకి, 1731లో అచ్చయింది. మడికి కర్ణం గీసి మధ్యబిందు సిద్ధాంతం వాడితే రెండు లైన్లలో తేలిపోతుంది. ఆ సమాంతర చతుర్భుజం వైశాల్యం మడిలో సరిగ్గా సగం. ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉన్నా ఇదే లెక్క.