ఎవరిదీ కాని వంటిల్లు

సెల్ఫ్ క్యాటరింగ్ అనే మాట వింటేనే నాకు నీరసం వచ్చేది. సెలవు అందరికీ, గరిటె మాత్రం నాకు. మీలో చాలామందికి ఇది చెప్పక్కర్లేదు. అందుకే పెళ్లయిన పదకొండేళ్లలో ఎక్కడికి వెళ్లినా హోటలే కావాలని పట్టుబట్టాను. ఈసారి కుదరలేదు. కారణం అమ్మ.

నాన్న పోయాక అమ్మ మొదటిసారి మా దగ్గరికి వచ్చింది. విజిటర్ వీసా, ఆరు నెలలు. హోటల్లో దిగితే బ్రెడ్డు ముక్క, అరటిపండు తప్ప ఏమీ ముట్టదు. అందుకని మే చివర్లో పిల్లల హాఫ్ టర్మ్‌కి డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ ఎస్టేట్‌లో ఒక కాటేజీ తీసుకున్నాం. సోమవారం నుంచి శుక్రవారం, నాలుగు రాత్రులు. ఇలాంటి ఇళ్లు చాలావరకు శుక్రవారం నుంచి సోమవారం, లేదంటే సోమవారం నుంచి శుక్రవారం ఇస్తారు. స్కూలు సెలవుల్లో రేటు కళ్లు తిరిగేలా ఉంటుంది కాబట్టి ముందుగా చూసుకోవాలి. పెద్దవాళ్లుంటే కింద అంతస్తులో బాత్రూమ్ ఉందో లేదో అడగండి. పాత ఇళ్లలో మెట్లు నిచ్చెనల్లా ఉంటాయి.

కోవెంట్రీ నుంచి దాదాపు రెండు గంటల దారి. కారు డిక్కీలో మూడు లీటర్ల కుక్కరు, పోపుల డబ్బా, ఇడ్లీ పాత్ర, సోనామసూరి, కందిపప్పు, రెండు కవర్లు చుట్టిన ఆవకాయ సీసా. ఇడ్లీ పిండి కూల్ బాక్స్‌లో పెట్టినా ఎలా పొంగిందో పొంగింది, దించేసరికి మూత పక్కకి జరిగిపోయింది. మా ఆయన ఏమీ అనలేదు, కిటికీ అద్దం మాత్రం దించారు.

ఇల్లు రాతి కట్టడం. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, నా భర్త తల రెండుసార్లు తగిలిన దూలం. గోడ దాటితే గొర్రెలు, పిల్లలతో సహా. వంటింట్లో నాలుగు సైజుల వైను గ్లాసులు, గుడ్డు నిలబెట్టుకునే కప్పులు ఆరు. లోతైన మూకుడు ఒక్కటీ లేదు.

మొదటి రాత్రి చారుకి పోపు పెట్టింది అమ్మే. ఎండుమిరపకాయ మాడీ మాడకముందే పొగ అలారం మోగింది. ఫ్యాన్ వేయడం మర్చిపోయింది నేను. ఆయన కుర్చీ ఎక్కి ట్రేతో విసురుతున్నారు, పిల్లలు చెవులు మూసుకుని గెంతుతున్నారు, నేను తలుపులు బార్లా తీశాను. "ఎవరైనా వచ్చేస్తారేమోనే!" అని అమ్మ కంగారు. ఎవరూ రాలేదు. గోడ మీదుగా ఒక గొర్రె మాత్రం తొంగిచూసింది. దాన్ని చూసి అమ్మ నవ్వడం మొదలుపెట్టింది, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

మర్నాడు నేను లేచేసరికి ఎనిమిదిన్నర. ఇంట్లో ఉప్మా వాసన. పిల్లల స్నానాలు అయిపోయాయి. సీసాలన్నీ అమ్మ చేతికి అందేలా సర్దేసి ఉన్నాయి. వెనక తలుపు దగ్గర నిలబడి, కుక్కతో నడిచివెళ్తున్న ఒకావిడకి అమ్మ "గుడ్ మార్నింగ్" చెప్పి, మిగతాదంతా తెలుగులో మాట్లాడుతోంది. ఆవిడ తల ఊపుతోంది.

సంతోషపడాల్సింది పోయి నాకు కొంచెం ఉక్రోషం వచ్చిందంటే నమ్ముతారా? మా ఇంట్లో మూడున్నర నెలలుగా అమ్మ ఫ్రిజ్ తెరవాలన్నా నన్ను అడిగేది. అల్లుడుగారు ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో గది దాటి వచ్చేది కాదు. కాఫీ కూడా కలుపుకునేది కాదు. ఇండక్షన్ స్టవ్ అంటే భయం కాబోలు అనుకున్నాను. ఇక్కడి స్టవ్ కూడా అలాంటిదే, గాజు పలక.

ఉప్మా తింటూ అడిగేశాను.

"అది నీ వంటిల్లు కదమ్మాయ్. ఏ గిన్నె ఎక్కడుండాలో నీకో లెక్క ఉంటుంది, నేను కలపెట్టడం ఎందుకు? ఇది ఎవరిదీ కాదు కదా!"

అని ప్లేటు తీసుకుని వెళ్లిపోయింది. నాకు ఉప్మా గొంతు దిగలేదు. ఎందుకంటే, మా ఇంటికి వచ్చిన మొదటి వారంలో జీలకర్ర డబ్బా తీసి మార్చి పెట్టినందుకు "అమ్మా, అక్కడ కాదు" అని నేనే అన్నాను. మామూలుగానే అన్నాననుకున్నాను.

ఆ నాలుగు రోజులూ వంట అమ్మది. నేను కూరలు తరిగాను, గిన్నెలు కడిగాను. సెలవంటే ఇదని నాకు ముప్పై ఆరేళ్లకి తెలిసింది. తెల్లటి కిచెన్ టవల్‌కి పసుపు అంటింది, అదొక్కటే నష్టం. సబ్బు తగలగానే మరక ఎర్రబడితే హడలిపోకండి. క్షారం తగిలితే పసుపు అలాగే మారుతుంది, పసుపుకి సున్నం చేర్చి కుంకుమ చేసేదీ అందుకే. ఉతికి ఎండలో వేయండి, పసుపులోని కర్క్యుమిన్ వెలుతురుకి విరిగిపోతుంది. నా కెమిస్ట్రీ డిగ్రీ ఈ దేశంలో పనికొచ్చిన సందర్భాల్లో ఇదొకటి. డెర్బీషైర్‌లో ఎండ దొరకడం మాత్రం మీ అదృష్టం.

చాట్స్‌వర్త్ డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు, వాళ్ల ఇంటిపేరు కావెండిష్. 1766లో హైడ్రోజన్ సంగతి లోకానికి చెప్పిన హెన్రీ కావెండిష్ రెండో డ్యూక్ మనవడే. ఆయనకి ఆడవాళ్లంటే ఎంత బిడియమంటే, భోజనానికి ఏం కావాలో చీటీ రాసి పెట్టేవాడట. పెద్ద భవనం చూడ్డానికి టికెట్ ఉంది, చుట్టూ ఉన్న పార్కులో నడవడానికి లేదు. భవనంలో నాలుగు గదులు చూడగానే అమ్మ కాళ్లు నొప్పులంది. ఆవిడకి నచ్చింది వేరే.

బల్ల మీద సూపర్ మార్కెట్ అరటిపండ్లు ఉన్నాయి. "అమ్మా, ఈ పండుకి పేరొచ్చింది ఇక్కడే తెలుసా?" అన్నాను. ఇక్కడి దుకాణాల్లో దొరికేదంతా దాదాపు కావెండిష్ రకమే. చైనా వైపు నుంచి మారిషస్ చేరిన మొక్క, అక్కడి నుంచి ఇంగ్లండుకి వచ్చింది. ఆరో డ్యూక్ దగ్గర తోట చూసే జోసెఫ్ పాక్స్‌టన్ దాన్ని గాజు ఇంట్లో వేడి పెట్టి పెంచితే 1835 నవంబరులో పూత వచ్చింది. యజమాని ఇంటిపేరే దానికి పెట్టాడు.

అమ్మ పండు తిప్పి చూసింది. "పచ్చ అరటే కదా ఇది! మన పెద్ద పచ్చ అరటి, పొట్టి పచ్చ అరటి జాతి. మీ నాన్న వేసేవారు. చక్కెరకేళి ముందు దీని రుచెంత? పిలక ఎవరిచ్చారో చెప్పారా?" విత్తనం లేని చెట్టు కదా, పిలక ఇచ్చినవాళ్లు ఉండాలి మరి. డ్యూక్ గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. రావులపాలెం మార్కెట్‌కి గెలలు పంపిన రోజులు, గాలివానకి చెట్లు పడిపోయిన ఏడాది, అన్నీ ఆ రాత్రి చెప్పింది. నాన్న పోయాక తోట మాట ఎత్తడం అదే మొదలు. మేమూ ఎత్తనివ్వలేదు. ఎందుకంటే తోట అమ్మేసి, ఇల్లు తాళం పెట్టి, అమ్మని హైదరాబాదులో తమ్ముడి ఫ్లాటుకి తీసుకెళ్లాలని నేనూ వాడూ ఫోన్లోనే నిశ్చయించేసుకున్నాం. ఆగస్టులో దిగాక చెబుదామని.

గురువారం ఎన్జర్ అనే ఊరికి నడిచాం. రాసేది ఎడెన్సర్, పలికేది ఎన్జర్. పాత ఊరు భవనంలోంచి కనిపిస్తోందని డ్యూకులు ఆ ఇళ్లు తీయించేశారు. 1840 ప్రాంతంలో ఆరో డ్యూక్ కొత్త ఊరు కట్టించాడు, ఏ రెండు ఇళ్లూ ఒకలా ఉండవు. రోడ్డుకి అవతల మాత్రం చుట్టూ గోడతో పాత ఇల్లు ఒకటి ఒంటరిగా మిగిలి ఉంది. అందులో ఉన్న ముసలాయన కదలనన్నాడని, వదిలేశారని కథగా చెబుతారు.

పోలవరం ముంపు ఊళ్ల కబుర్లు విన్న మనిషి మా అమ్మ. ఆ ఇంటి వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. పిల్లలు ముందుకి పరిగెత్తారు.

"తమ్ముడి దగ్గరకి వెళ్లినా అదే కదమ్మాయ్," అంది ఉన్నట్టుండి. "అక్కడ అది కోడలి వంటిల్లు. మంచి పిల్లే, నన్నేం అనదు. నేనే అడుగుతూ ఉండాలి."

వాడు చెప్పాడో, తనే కనిపెట్టిందో అడగలేదు. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను. "ఒంటరిగా పడిపోతే ఎవరు చూస్తారక్కా?" అన్నాడు. తప్పు మాట కాదు. పక్కింటి పిన్నిగారి అమ్మాయి రాత్రి పడుకోవడానికి వస్తుందేమో అడుగుదామని, తోట ఈ ఏడాదికి కౌలుకిచ్చి చూద్దామని అనుకున్నాం. ఇంకా ఏదీ తేలలేదు. అమ్మని కూర్చోబెట్టి మాత్రం అడిగాం. మేము చెప్పినంతసేపూ విని, కౌలు ఎంతకిస్తారో తనే బేరమాడతానంది.

ఇంటికి వచ్చాక మా వంటింట్లో ఒక అర ఖాళీ చేశాను. నాలుగు రోజులు అలాగే ఉంది. ఐదో రోజు పొద్దున చూస్తే అందులో జీలకర్ర డబ్బా ఉంది.

చెప్పడం మరిచాను, కాటేజీలో విజిటర్స్ బుక్ ఉంటుంది. శుక్రవారం పొద్దున పది లోపు ఖాళీ చేయాలని మేమందరం హడావిడి పడుతుంటే అమ్మ తీరిగ్గా కూర్చుని అందులో తెలుగులో రాసింది: "ఇల్లు శుభ్రంగా ఉంది. గొర్రెలు మంచివి. పోపు గరిటె లేదు, కొని పెట్టగలరు."