ఎగిరే బాతును సాపు చేయొచ్చు, చెరువును కాదు

హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువును 2016ల జీవవైవిధ్య వారసత్వ స్థలంగ ప్రకటించిండ్రు. చలికాలం రాంగనే అసొంటి చెరువుల కాడ కెమెరాలోళ్లు కూడుతరు. అందరికీ ఎగిరే బాతే కావాలె.

దాన్ని లేపనీకి కొందరు రాళ్లేస్తరు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన సూదితోక బాతుకు తిండి, ఆరామే బతుకు. రాయి అక్కర్లేదు. బాతు గాలికి ఎదురుగ లేస్తది, ఎదురుగనే దిగుతది. గాలి, పొద్దు మన వీపు దిక్కు ఉండేటట్టు కూసుంటె అదే మన దిక్కు వస్తది. షట్టర్ 1/2000 సెకను పెడితె రెక్క చెదరదు. ఆకాశం తెల్లగుంటె బాతు నల్లగ పడ్తది, అందుకే ఎక్స్‌పోజర్ జర పెంచాలె.

ఇంటికొచ్చినంక నీడలు తేటజేసుడు, గరుకు తగ్గించుడు, అంచులు కోసుడు తప్పుగాదు. చూసిందే తేటగ కనబడ్తది.

గని ఒక్క బాతు పక్కన పది బాతులు అతికిస్తే? నీళ్ల మీది నురగ, గట్టు మీది మట్టికుప్ప చెరిపేస్తే? సచ్చిపోయే చెరువు ఫొటోల సల్లగ కనబడ్తది. రేపు కబ్జా మీద కొట్లాడేటోళ్లకు ఆ ఫొటోనే సాక్ష్యం. లైకుల కోసం సాక్ష్యాన్ని మారిస్తే లాభం కబ్జాదారుకే. బాతును దిద్దుండ్రి, చెరువు గోసను దాయకుండ్రి.