యాభై చదరపు అడుగుల నీడ

నిలువ నీడ లేనివారి కోసం ప్రభుత్వం పెట్టే ఖర్చు రెండు పద్దుల్లో ఉంటుంది. ఒకటి ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చే సాయం. రెండోది రాత్రి తలదాచుకునే బసకు, అక్కడ ఉండేవారి బాగోగులకు ఇచ్చే సాయం. మొదటిది వేల కోట్ల వ్యవహారం. ఎన్నికల సభల్లో మోగుతుంది, శంకుస్థాపన ఫలకాల మీదికి ఎక్కుతుంది. రెండోదాని సంగతి మున్సిపల్ ఆఫీసులో ఒక సెక్షన్‌కు, బస నడిపే సంస్థకు తప్ప ఎవరికీ పెద్దగా పట్టదు. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి అందేది, అందితే, ఆ రెండోదే.

తెలుగులో ‘ఇల్లు లేనివారు’ అనే మాట కూడా ఈ తికమకను పెంచుతుంది. అద్దెకు ఉండేవారు, అన్నదమ్ములతో ఒకే కప్పు కింద సర్దుకునేవారు అందరూ అందులోకే వస్తారు. గృహనిర్మాణ శాఖ దరఖాస్తుల్లో దాని అర్థం సొంతిల్లు లేకపోవడమే. జనగణన లెక్క వేరు. రోడ్ల పక్కన, సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి ఆవరణల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద రాత్రి గడిపేవారే దాని దృష్టిలో నిరాశ్రయులు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి తీసిన లెక్కలో దేశం మొత్తం మీద ఇలాంటివారు 17.7 లక్షల మంది తేలారు. వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. పదేళ్ల ముందు పట్టణాల్లో వారి సంఖ్య 7.78 లక్షలే. పల్లెల్లో తగ్గి పట్టణాల్లో పెరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1.45 లక్షలు. ఒక్క రాత్రి తిరిగి రాసుకున్న లెక్క కనుక, పెళ్లి వంటకు వెళ్లినవాడు, వచ్చేది పోలీసులేమోనని సందులోకి జారుకున్నవాడు ఇందులో ఉండరు.

డేరా తీసేసిన రాత్రి

ఫుట్‌పాత్ మీద బతికేవారికి బస, మరుగుదొడ్లు కట్టించే పథకాన్ని కేంద్రం 1988-89లో మొదలుపెట్టింది. 2005లో దాన్ని రాష్ట్రాలకు అప్పగించి చేతులు దులుపుకుంది. మళ్లీ కదలిక వచ్చింది సుప్రీంకోర్టు వల్ల. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గరి డేరా బసను నగర సుందరీకరణ పేరుతో తొలగించారు. ఆహార హక్కు కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి.సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో దీనిపై కోర్టుకు లేఖ రాశారు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ 2001లో ఆకలి గురించి వేసిన ఆ కేసు అలా నిద్ర దాకా వచ్చింది. 5 లక్షల జనాభా దాటిన నగరాల్లో లక్ష మందికి ఒకటి చొప్పున, వంద మంది పట్టేలా బసలు ఉండాలని, అవి ఏడాది పొడవునా 24 గంటలూ నడవాలని కోర్టు చెప్పింది.

ఈ ఆదేశాలకు పథకం రూపం 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో దొరికింది. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని చూసేది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా. మిషన్ మార్గదర్శకాల ప్రకారం ఒక్కో బస 50 నుంచి 100 మందికి సరిపోవాలి. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల జాగా ఉండాలి. గాలి వెలుతురు, స్నానాల గదులు, దోమల నివారణ, ఉతికిన దుప్పట్లు, ఉమ్మడి వంటగది, సామాను దాచుకోవడానికి తాళం వేసే అర ఉండాలి. ఒక మేనేజరు, ఎనిమిదేసి గంటల డ్యూటీకి ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలి. చోటు కూడా నిరాశ్రయులు ఎక్కువగా ఉండే తావుకు, వారి పనిచోటుకు దగ్గరగా చూడాలి. కాగితం మీద ఇది ఉదారమైన పథకమే. కట్టడం ఖర్చులో కేంద్రం వాటా మొదట 75 శాతం. తర్వాత అది 60కి తగ్గింది.

చిక్కంతా నిర్వహణ సొమ్ములో ఉంది. మొదటి మార్గదర్శకాల ప్రకారం 50 మంది బసకు ఏడాదికి 6 లక్షల రూపాయలు. అంటే నెలకు 50 వేలు, తలకు వెయ్యి, రోజుకు 33 రూపాయలు. నలుగురు సిబ్బందికి పది వేల చొప్పున ఇచ్చినా 40 వేలు పోతాయి. మిగిలిన పది వేలతో కరెంటు, నీళ్లు, ఫినాయిలు, దుప్పట్ల ఉతుకుడు, మోటారు రిపేరు అన్నీ నెగ్గుకురావాలి. అదీ ఐదేళ్లే. ఆ తర్వాత భారమంతా స్థానిక సంస్థలదే.

రిజిస్టరు ముందు మనిషి

రాత్రి తొమ్మిది దాటాక బస తలుపు దగ్గర బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంటుంది. పేరు, వయసు, సొంతూరు, ఆధార్ నంబరు, సంతకం. ఆధార్ గడిలో చాలాచోట్ల గీతే. సంచి దొంగలెత్తుకుపోయిందనో, వానలో తడిసిపోయిందనో చెబుతారు. కొందరు సొంతూరు గడి దగ్గర ఆగిపోతారు. ఇల్లు వదిలి పాతికేళ్లయినవారికి ఆ ఊరి పేరు చెప్పడం సులువు కాదు. వేలిముద్ర వేశాక చాప, దుప్పటి ఇస్తారు. ఫంక్షన్ హాల్లో వడ్డనకు వెళ్లినవారు తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. అప్పటికి గేటు మూస్తే వారికి ఆ రాత్రి మళ్లీ ఫుట్‌పాతే. రాత్రంతా మార్కెట్లో మూటలు దించేవారికి నిద్ర పట్టేది పగలు. ‘నైట్ షెల్టర్’ అనే పేరులోనే ఒక పొరపాటు ఉంది.

పక్కనే బస ఉన్నా బయట పడుకునేవారిని చూసి, వాళ్లకు అలవాటైపోయిందని అనేస్తుంటారు. కారణాలు అంత తేలికైనవి కావు. రిక్షావాడికి లోపల చోటుంది, రిక్షాకు లేదు. దాన్ని పోగొట్టుకుంటే రోజుకూలీ పోయినట్టే. మగవాళ్ల బసలో భార్యాబిడ్డలకు చోటుండదు, ఆడవాళ్ల బసలో ఎదిగిన కొడుకుకు ఉండదు. లేబర్ అడ్డాకు నాలుగు కిలోమీటర్ల దూరంలో కట్టిన బస ఎంత శుభ్రంగా ఉన్నా, తెల్లవారుజామున మేస్త్రీ కంటపడాల్సిన కూలీకి పనికిరాదు. పెద్దాసుపత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసం పెట్టినవి మాత్రం ఖాళీగా ఉండవు. అక్కడ అవసరం గేటు ముందే ఉంటుంది.

పడక ఇవ్వడంతో బస పని పూర్తయినట్టు కాదని మార్గదర్శకాలే చెబుతాయి. గుర్తింపు కార్డు, ఓటు, బ్యాంకు ఖాతా, రేషన్, పింఛను, పిల్లలకు అంగన్‌వాడీ, బడి, వైద్యం, న్యాయ సహాయం అన్నిటితో అక్కడున్నవారిని కలపాలి. వీటన్నిటికీ మొదటి మెట్టు చిరునామా. చిరునామా లేక కార్డు రాదు, కార్డు లేక ఖాతా తెరవరు, ఖాతా లేక పింఛను పడదు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000, తెలంగాణలో 2,016 రూపాయలు వృద్ధాప్య పింఛను ఉన్నా, వంతెన కింద ఉండే డెబ్బై ఏళ్ల ముసలమ్మకు అది అందాలంటే ఎవరో ఒకరు ఆమెను వెంటబెట్టుకుని నాలుగు ఆఫీసులు తిరగాలి. ఆ తిరిగే మనిషి జీతానికి పద్దులో విడిగా గడి లేదు. మేనేజరే తిరగాలి, లేదా స్వచ్ఛంద సంస్థ తన డబ్బుతో తిప్పాలి. ఈ పథకంలో అసలు లోటు ఇదే. మంచాలను లెక్కపెట్టడం సులువు. కోలుకున్న మనిషిని ఏ గడిలో రాయాలో ఎవరికీ తెలియదు.

భిక్షాటనతో బతికేవారి పునరావాసానికి సామాజిక న్యాయ శాఖ 2022 ఫిబ్రవరిలో ‘స్మైల్’ పేరుతో మరో పథకం తెచ్చింది. సర్వే, ఒప్పించడం, బసకు చేర్చడం, ఉపాధి అనే వరుసలో అది నడుస్తుంది. శాఖ వేరు, సొమ్ము వేరు. మనుషులు మాత్రం చాలావరకు వాళ్లే.

ఇచ్చిన సొమ్ము ఖర్చు కాకపోవడం మరో కథ. నిరాశ్రయుల గురించి 2003 నుంచి నడుస్తున్న ఇ.ఆర్.కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2016 నవంబరులో ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాశ్ గంభీర్ నాయకత్వంలో కమిటీ వేసింది. రాష్ట్రాల దగ్గర నిధులు మూలుగుతున్నాయని, బసలు అవసరానికి చాలవని ఆ విచారణలో బయటపడింది. 2018లో కోర్టు రాష్ట్రానికో పర్యవేక్షణ కమిటీ వేయించింది. సొమ్ము కదలకపోవడానికి పెద్ద రహస్యమేమీ లేదు. ఊరి నడుమ జాగా ఖరీదు. అక్కడ బస కడతామంటే చుట్టుపక్కల దుకాణాలవారు ఒప్పుకోరు. పాత విడత వినియోగ పత్రం అందక కొత్త విడత రాదు.

పట్టా ఉంటేనే

ఇంటి పద్దు దగ్గరికి వస్తే, 2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం 1.5 లక్షలు ఇచ్చింది. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు సాయం 5 లక్షలు. బేస్‌మెంట్ లేచాక లక్ష, మిగతాది గోడలు, స్లాబ్ లేచేకొద్దీ, ఇల్లు పూర్తయ్యాక విడతలుగా. ఇక్కడ మొదటి లక్ష చేతికి రావాలంటే ముందు స్థలం ఉండాలి, బేస్‌మెంట్ లేపే డబ్బూ ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి పట్టణ పేదలకు ఒక సెంటు చొప్పున స్థలమే ఇచ్చారు. సెంటు అంటే 48 గజాలు. అయితే ఆ జాబితాకూ రేషన్ కార్డు, స్థానిక చిరునామా కావాలి.

స్థలం లేనివారికి మిగిలే దారి అద్దె గది. 2020లో వచ్చిన అందుబాటు అద్దె గృహాల పథకం వలస కూలీలను దృష్టిలో పెట్టుకున్నది. 2024లో మొదలైన ఆవాస్ యోజన రెండో విడతలో అద్దె ఇళ్ల విభాగం నిరాశ్రయులను పేరుపెట్టి చేర్చింది. ఈ దారిని చివరిదాకా నడిచి చూసిన దేశం ఫిన్లాండ్. 2008 నుంచి అక్కడ ఉమ్మడి బసలనే చిన్న చిన్న ఫ్లాట్లుగా మార్చారు. ముందు మనిషి పేరు మీద అద్దె ఒప్పందం రాస్తారు. తాగుడు మాన్పించడం, ఉద్యోగం వెతకడం ఆ తర్వాతి సంగతులు. సహాయ సిబ్బంది అదే భవనంలో ఉంటారు. జనాభా, చలి, ఖజానా మన లెక్కలతో పోలవు గానీ, వరుస మాత్రం గమనించదగ్గది.

పట్టణ జీవనోపాధుల మిషన్ గడువు 2024లో ముగిసింది. దాని స్థానంలో బసలను కూడా కలుపుకొని కొత్త పట్టణ పేదరిక నిర్మూలన మిషన్ ఖరారు దశలో ఉందని 2025 ఫిబ్రవరిలో కేంద్రం సుప్రీంకోర్టుకు తెలిపింది. అది ఎప్పటికి అమల్లోకి వస్తుందో, అప్పటిదాకా పాత పథకం కొనసాగుతుందో లేదో తెలుసుకుని చెప్పాలని కోర్టు అడిగింది. కేంద్రం వాటా ఆగినచోట కేర్‌టేకర్ల జీతం, కరెంటు బిల్లు మున్సిపాలిటీ సొంత పద్దు మీద పడతాయి. వీధి దీపాలు, చెత్త బండ్లు, కాలువల పూడికతీత ఉన్నదీ ఆ పద్దులోనే.