ఏ ఊలుకు ఏ సూది

మొన్న సంక్రాంతికి, ఇక్కడ సోలాపూరులో గడ్డ యాత్ర నడుస్తుండగా, పుణెలో ఉండే మా కోడలు పిల్లవాడిని తీసుకొని వచ్చింది. మనవడికి ఏడాది నిండుతున్నది. వాడి కోసం రెండు నెలలు కూర్చొని తన చేతితోనే స్వెటర్ అల్లి తెచ్చింది. అదే మొదటిసారి అల్లడం. తొడగబోతే తల పట్టలేదు. గుంజి తొడిగితే చంకల దగ్గర బిగుసుకొని పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చిండు. కోడలు ఏమీ అనలేదు గాని, కళ్లల్లో నీళ్లు తిరిగినయి.

"అత్తమ్మా, ఫోన్‌లో చెప్పినట్టే లెక్కపెట్టి అల్లిన. ఒక్క టాకా కూడా తప్పలేదు" అన్నది.

కుట్టును మేమిక్కడ మరాఠీ వాళ్లతో కలిసి టాకా అనే అంటం. స్వెటర్ తిప్పి చూసిన. నిజంగానే ఎక్కడా తప్పు లేదు. "ఏ సూదితో అల్లినవు బిడ్డా?" అని అడిగితే "ఎనిమిదో నంబరు. దాంట్లో అదే రాసి ఉన్నది" అన్నది. మళ్లీ తెరిపించి చూస్తే ఆ నమూనా అమెరికా వాళ్లది. ఎనిమిది పక్కనే చిన్నగా 5 మి.మీ. అని కూడా ఉన్నది. మన దుకాణాల్లో ఎనిమిదో నంబరు సూది లావు 4 మి.మీ. మాత్రమే. ఊలు కూడా వాళ్లు చెప్పినదానికంటే సన్నది తెచ్చుకున్నది. ఇంక ఆ స్వెటర్ పట్టక ఏం చేస్తది?

ఆ రోజు నుంచి ఈ సంగతి రాయాలని అనుకుంటున్న. నేను చదివింది తెలుగు బడిలో నాలుగో తరగతి దాకానే. గాని పందొమ్మిదో ఏట మిల్లులో వైండింగు ఖాతాలో చేరిన, ఆ తర్వాత టవళ్ల కారఖానాలో చేసిన. దారం మాత్రం నా వేళ్లకు తెలుసు. మీ ఇళ్లల్లో కూడా ఎవరికో ఒకరికి తెలిసే ఉంటది.

మిల్లు పని చేసినవాళ్లకు కౌంటు సంగతి చెప్పాల్సిన పని లేదు. పిల్లల కోసం చెప్తున్న. ఒక పౌను నూలు తూకంలో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్నో కౌంటు. ఇరవై వస్తే ఇరవై కౌంటు, నలభై వస్తే నలభై. నంబరు పెరిగినకొద్దీ దారం సన్నబడతది. మన దేశంలో పాత అల్లిక సూదుల నంబరు కూడా గట్లనే నడుస్తది. ఎనిమిది కంటే పది సన్నం, పది కంటే పన్నెండు ఇంకా సన్నం. అమెరికా నంబర్లు దీనికి ఉల్టా, అక్కడ నంబరు పెరిగితే సూది లావు.

మన నంబర్లు ఎందుకు గట్లున్నయో నాకు మిల్లులోనే తెలిసింది. మా ఫిట్టర్ దగ్గర చుట్టూ గండ్లున్న ఇనుప బిళ్ల ఒకటి ఉండేది, తీగ లావు కొలిచే గేజి. ఒకనాడు మధ్యాహ్నం సుట్టీలో నా సూదులు తీసుకొని ఆ గండ్లల్లో పెట్టి చూసిండు. పదో నంబరు సూది సరిగ్గా పదో గండిలో కూర్చున్నది. తీగను ఒక గండి నుంచి ఇంకా చిన్న గండిలోకి గుంజుకుంట పోతరు, ఎన్నిసార్లు గుంజితే అంత సన్నబడతది, అందుకే నంబరు పెరుగుతది అని చెప్పిండు. పాత ఇంగ్లీషు సూదులకు ఆ తీగ నంబర్లే పెట్టినరు. మా వాడలో సైకిల్ పుల్లలు అరగదీసి అల్లినవాళ్లు కూడా ఉండిరి. అది 2 మి.మీ., అంటే పద్నాలుగో నంబరు. దాంతో స్వెటర్ అల్లితే పండుగ దాటి మళ్లీ పండుగ వస్తది.

గుర్తు పెట్టుకోవాల్సినవి ఎక్కువేం లేవు. ఎనిమిది 4 మి.మీ., పది 3.25, పదకొండు 3, పన్నెండు సుమారు 2.75. దుకాణంలో నంబరు అడగకుండా మిల్లీమీటర్లు అడిగితే ఏ దేశం నమూనా అయినా మోసం రాదు.

ఇంక ఊలు. మా మధలా మారుతి బజారులో గాని, మీ ఊళ్లో గాని దొరికేది చాలా వరకు లుధియానా సరుకే, వర్ధమాన్, ఓస్వాల్ లాంటివి. ఊలు అని అంటరు గాని అందులో ఎక్కువ ఆక్రిలిక్కే. చెడ్డదని కాదు, రోజూ ఉతికే పిల్లల బట్టలకు అదే సులువు. అయితే ఇస్త్రీ పెట్టొద్దు, చచ్చుబడి పలకలాగ అయిపోతది. పొయ్యి దగ్గర పని చేసేవాళ్లు తొడగొద్దు, మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటది. ఏదో తెల్వకపోతే జానెడు పోగు తెంపి చిమటాతో పట్టుకొని కాల్చండి. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద పొడి అయితది. నూలు కాగితం కాలిన వాసన వస్తది. ఆక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలాగ అయితది.

సన్నటి నాలుగు పోగుల ఊలుకు ఒంటి భాగం పదో నంబరుతో, కింది పట్టీ, చేతి పట్టీ, మెడ పన్నెండుతో అల్లాలె. డబుల్ నిట్టింగు అనే లావు ఊలుకు ఒళ్లు ఎనిమిదితో, పట్టీలు పదితో. పట్టీకి రెండు నంబర్ల సన్న సూది ఎందుకంటే, సీదా ఉల్టా వేసిన పట్టీ లావు సూదితో వేస్తే నాలుగు రోజులకే వేలాడుతది. దుకాణంలో లేబులు మీద రాసి ఉన్న సూది నంబరు కూడా చూడండి. అది మొదలుపెట్టడానికే. నీ చేయి ఎట్లుందో లేబులు రాసినవాడికి ఏం తెలుసు?

నా చేయి బిగుతు. మా వదినె చేయి వదులు. ఇద్దరం ఒకే ఊలు, ఒకే సూదులతో అల్లితే ఆమెది నాకంటే రెండు అంగుళాలు పెద్దగ వచ్చేది. అందుకే ముందు అయిదు అంగుళాల చిన్న ముక్క అల్లి, నడుమ నాలుగు అంగుళాల్లో ఎన్ని టాకాలు ఉన్నయో లెక్కపెట్టాలె. డబుల్ నిట్టింగు 4 మి.మీ. సూదితో 22 రావాలె, అంటే అంగుళానికి అయిదున్నర. 24 అంగుళాల ఛాతీకి 132 టాకాలు. నీ ముక్కలో 20 మాత్రమే వస్తే అవే 132 టాకాలు 26 అంగుళాలు దాటుతయి. అప్పుడు ఒక నంబరు సన్న సూది తీసుకోవాలె. ఎక్కువ టాకాలు వస్తే ఒక నంబరు లావుది. ఆ ముక్కకు ఒక సాయంత్రం పడుతది. మా కోడలికి రెండు నెలలు పోయినయి.

నేను కూడా ఇట్లాంటి దెబ్బ తిన్నదాన్నే. మిల్లు మూతపడ్డ తర్వాత ఇంట్లో ఆయన పనీ లేదు, నా పనీ లేదు. పగలు బీడీలు చుట్టి, రాత్రి స్వెటర్లు అల్లేదాన్ని. ఒక దుకాణందారు ఎనిమిది స్వెటర్లు కావాలన్నడు, అన్నీ నీలం. ఊలు నాదే. చేతిలో పైసలు లేక సగం ఊలు ముందు కొన్న, మిగతాది పది రోజుల తర్వాత. రంగు పేరు ఒకటే, షేడ్ నంబరు ఒకటే. ట్యూబులైటు కింద ఏ తేడా కనపడలేదు. దుకాణం మెట్ల మీద ఎండలో పరిస్తే మూడింటికి ఒళ్లు ఒక నీలం, చేతులు ఒక నీలం. ఆయన ఆ మూడు ఎత్తి పక్కకు పెట్టిండు. ఊలు పైసలు పోయినయి, కూలి పోయింది. ఆ నెల బియ్యం అప్పు తెచ్చిన.

పైసల కంటే ఎక్కువ సిగ్గు అనిపించింది. పదిహేనేండ్లు కోన్ల మీద లాట్ నంబర్లు చూసుకుంటనే పని చేసినదాన్ని. రెండు లాట్లు కలిస్తే బట్టలో పట్టీలు పడతయని, జాబర్ మీద పడతడని మాకు భయం. ఇంటికొచ్చి అదే మరిచిపోయిన. కాబట్టి అక్కలారా, లేబులు మీద షేడ్ నంబరు కింద లాట్ నంబరు ఉంటది, అన్ని ఉండలకు అదే ఉన్నదా చూసి ఒకేసారి కొనండి. ఒక ఉండ ఎక్కువే తీసుకోండి. వాపసు తీసుకుంటరా అని ముందే అడిగి, లేబుల్లు పారేయకుండా పెట్టుకోండి.

మన కారఖానాల్లో మిగిలిన నూలుతో కూడా అల్లొచ్చు, ఎండాకాలం పిల్లలకు అదే మేలు. నేను మొదట ఒంటి పోగు నూలు వాడిన. పురి ఎక్కువ ఉన్న ఒంటి పోగు కదా, అల్లిన ముక్క అంతా ఒక మూలకు ఒరిగింది. ఎంత సాగదీసినా నిలబడలేదు. మెలేసిన జంట పోగు తీసుకోండి. చాదర్లకు వాడే 2/20 నూలు నాలుగు పోగులు కలిపితే, కొంచెం అటు ఇటుగా నాలుగు పోగుల ఊలంత లావు వస్తది, పదో నంబరు సూది సరిపోతది. నూలు ఊలులాగ సాగదు, మెడ కొంచెం వెడల్పు పెట్టాలె. అల్యూమినియం సూది మీద జారుతుంటే వెదురు సూదులు మంచివి.

చిలపల్లో వచ్చే ఊలును ఉండ చుట్టేటప్పుడు బిగించొద్దు, సాగిపోతది. మూడు వేళ్లు లోపల పెట్టి వాటి మీద చుట్టి, వేళ్లు తీసేయాలె. మా ఆయన రెండు చేతులకు చిలప తగిలించుకొని నా ముందు కూర్చునేవాడు. నడుమ నడుమ కునుకు తీస్తుండె. ఇప్పుడు కుర్చీ వీపుకు తగిలిస్తున్న.

మా కోడలి స్వెటర్ ఇద్దరం కూర్చొని విప్పినం. విప్పిన ఊలు ముడతలు ముడతలుగా ఉంటది, దాంతో వెంటనే అల్లితే టాకాలు ఎగుడుదిగుడు వస్తయి. చిలప చుట్టి నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లల్లో ముంచి నీడకు ఆరేసినం. ఈసారి ముందు ముక్క అల్లించిన. తనది బిగుతు చేయి, 24 వచ్చినయి. ఏడో నంబరు, అంటే 4.5 మి.మీ. సూది తెప్పిస్తే 22 కి వచ్చింది. వీపు, ముందు పల్లం అయిపోయినయి. మెడకు ఒక పక్క గుండీలు పెట్టమని చెప్పిన, పిల్లల తల పెద్దగ ఉంటది గదా. చేతులు పుణెలోనే అల్లుకుంటనని పోయింది. మొన్న రాత్రి ఫోన్ చేసి, పట్టీకి ఏ సూది అత్తమ్మా అని అడిగింది.