అక్కడ ప్రమాణం... ఇక్కడ రద్దు

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పౌరసత్వ ప్రమాణానికి వెళ్లినవాళ్ల దగ్గర ముందుగా గ్రీన్‌కార్డు తీసేసుకుంటారు. ఏళ్ల తరబడి ఎదురుచూసి సంపాదించుకున్న కార్డు అది. చాలాచోట్ల దేశాల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. ‘ఇండియా’ అనగానే వరుసలకు వరుసలే లేస్తాయి. చేతిలో చిన్న జెండా పెట్టి, కుడిచేయి పైకెత్తమంటారు. అధికారి ఒక్కో ముక్కా చెబుతుంటే హాలంతా వెంట పలకాలి.

ఆ ప్రమాణం మొదలయ్యేదే తెగతెంపులతో. అమెరికా రాజ్యాంగం ఊసు ఆ తర్వాతే. ఇన్నాళ్లూ ఏ రాజుకు, ఏ రాజ్యానికి విధేయులుగా ఉన్నామో ఆ విధేయతను సమూలంగా వదులుకుంటున్నామని ఒట్టు వేయాలి. మనసులో ఏ దాపరికమూ లేదని కూడా చెప్పాలి. ఆయుధం పట్టడం మత విశ్వాసానికి విరుద్ధమైతే ఆ వాక్యం వదిలేయనిస్తారు. దేవుడి పేరు వద్దన్నా సరేనంటారు. పాత దేశాన్ని వదులుకునే వాక్యం దగ్గర మాత్రం బేరాల్లేవు.

ఇరవై ఒకటో శతాబ్దపు సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు రాజులతో పనేమిటి? 1790 నాటి అమెరికా చట్టంలో ఈ మాటే లేదు. రెండేళ్లు అక్కడ ఉండి, రాజ్యాంగాన్ని సమర్థిస్తానంటే చాలు. అదీ తెల్లవాళ్లకే. ఫ్రెంచి విప్లవం ధాటికి ఐరోపా దొరలు ఓడలెక్కి వచ్చిపడుతున్న రోజుల్లో, 1795లో పాత రాజును, వంశపారంపర్య బిరుదులను వదులుకోవాలన్న షరతు చేరింది. బ్రిటన్ దీన్ని ఒప్పుకోలేదు. తన రాజ్యంలో పుట్టినవాడు చచ్చేదాకా తన రాజుకు విధేయుడేనన్నది దాని వాదం. ఆ ధీమాతోనే అమెరికా ఓడల మీద నుంచి నావికులను పట్టుకుపోయేది. 1812 యుద్ధానికి అదొక కారణం. రాజును వదులుకునే హక్కు ప్రజలకుందని బ్రిటన్ చట్టం చేసింది 1870లో.

మనవాళ్లకు ఆ ఒట్టు వేసే అవకాశమే చాలాకాలం దొరకలేదు. అమెరికా పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడని 1923లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. 1946లో చట్టం మారాకే భారతీయులకు తలుపు తెరుచుకుంది. ఇప్పుడు ఏటా అమెరికా పౌరులయ్యేవాళ్లలో మెక్సికన్ల తర్వాత మనవాళ్లే ఎక్కువ.

అసలు తిరకాసు ఆ హాల్లోనే ఉంది. ఒకే వరుసలో ఒక బ్రిటిషర్, ఒక గుంటూరు కుర్రాడు నిలబడి అవే మాటలు పలికారనుకుందాం. బ్రిటిషర్ రెండు పాస్‌పోర్టులతో ఇంటికెళతాడు. అమెరికాలో వేసిన ఒట్టును అతని దేశం పట్టించుకోదు. నిజంగా వదులుకోవాలంటే అతను లండన్‌కు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. గుంటూరు అబ్బాయికి ఆ క్షణమే భారత పౌరసత్వం పోతుంది. తీసేసేది అమెరికా కాదు, మన 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షను. మరో దేశ పౌరసత్వం కోరి తీసుకుంటే ఇక్కడిది దానంతటదే రద్దు. పాస్‌పోర్టు అప్పగించి, రద్దు ముద్ర వేయించుకుని, సరెండర్ సర్టిఫికెట్ తెచ్చుకోవడమంతా తర్వాతి తతంగం. ‘తమ్ముడి పెళ్లికి టికెట్లు కొనేశాం, ఈ ఒక్కసారికి పాతదాని మీదే వెళ్లొద్దాం’ అనుకుంటే అది నేరం, జరిమానా పడొచ్చు.

ఫోన్లో అమ్మలు అడిగే ప్రశ్న వేరే.

‘‘ఒరేయ్, మరి మన రెండెకరాలు?’’

‘‘వారసత్వంగా వచ్చేది ఎక్కడికీ పోదమ్మా. పక్క చేను అమ్మకానికొచ్చినా నా పేరున కొనలేను, అంతే.’’

నిజానికి భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉన్నప్పుడూ అతను వ్యవసాయ భూమి కొనలేడు. తేడా తెలిసేది తిరిగొచ్చాకే. పౌరుడు ఇక్కడ స్థిరపడితే కొనుక్కోవచ్చు, విదేశీ పౌరుడై ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతో వచ్చినవాడికి ఆ వీలు లేదు. ఈ కార్డు పథకాన్ని ప్రారంభించింది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్‌లో. ద్వంద్వ పౌరసత్వమని అప్పట్లో చాలామంది మురిసిపోయారు గానీ, ఆచరణలో అది జీవితకాలపు వీసా. ఓటు లేదు, సర్పంచిగా పోటీకీ వీల్లేదు. అదే ఎన్నారైగా ఉన్నంతకాలం ఓటరుగా నమోదై, పోలింగ్ నాడు ఊళ్లో ఉంటే ఓటు వేయొచ్చు. నన్నడిగితే పోయినవాటిలో పెద్దది అదే. తెలుసుకునే వదులుకుంటున్నారు. ఒక్క 2022లోనే 2,25,620 మంది భారత పౌరసత్వం విడిచిపెట్టారని విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పింది. అన్ని దేశాలకూ కలిపి లెక్క అది.

వెనక్కి రావడం ఎంత చిక్కో వేములవాడను అడగాలి. జర్మనీ పౌరుడైన చెన్నమనేని రమేశ్ 2009లో తిరిగి భారత పౌరసత్వం పొంది, అక్కడి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. దరఖాస్తుకు ముందు ఏడాది పాటు దేశంలోనే ఉండాలన్న షరతు దగ్గర వివాదం రేగింది. కేంద్రం ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఆయన ఇంకా జర్మన్ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చి, 30 లక్షల రూపాయలు కట్టమంది.

అమెరికా నుంచి వచ్చేవారు ఐదేళ్లు ఓసీఐగా ఉండి, ఏడాది ఇక్కడ గడిపి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు అమెరికానూ వదులుకోవాలి. దానికీ ఒట్టు ఉంది. మామూలు రోజుల్లో అది అమెరికా గడ్డ మీద చెల్లదు. దేశం దాటి, అమెరికా కాన్సులేటు అధికారి ఎదుట వేయాలి.