కాళేశ్వరం వైపు బడులను పోల్చేటప్పుడు ఏం చూడాలి?

దాతలు మమ్మల్ని తరచూ అడిగే మాట ఒకటుంది: "సార్, ఆ వైపు ఏ బడి మంచిది? మేమిచ్చే పైసలు ఎక్కడ పెడితే మేలు?" అడిగేవారి మనసులో సాధారణంగా పదో తరగతి ఫలితాల శాతమే ఉంటుంది. కాళేశ్వరం లాంటి చోట ఆ లెక్కతో బడిని తూచలేం.

గోదావరి, ప్రాణహిత కలిసే ఈ ఊరు మహదేవపూర్ మండలంలోది. 2016లో భూపాలపల్లి జిల్లా ఏర్పడే దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. చుట్టూ అడవి, చిన్న చిన్న పల్లెలు. ఇలాంటి పల్లె బడిలో ఒక ఏడు ఎనిమిది మందే పదో తరగతి రాశారనుకోండి. ఒక్కరు తప్పితే ఫలితం 87.5 శాతం. మరుసటి ఏడు అందరూ పాసైతే నూటికి నూరు. పంతుళ్లూ వాళ్లే, పాఠాలూ అవే.

పంతుళ్ల లెక్క ఇంకా మోసం చేస్తుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలి, అంటే 30 మందికి ఒకరు. ఇరవై మంది పిల్లలకు ఒకే పంతులున్న బడి కాగితం మీద దానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. కానీ ఆ ఒక్కరే అయిదు తరగతులు చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, రికార్డులు రాయాలి. ట్రైనింగుకో ఎన్నికల డ్యూటీకో పోయిన రోజు చదువు ఉండదు. అందుకే "ఎంతమందికి ఒక పంతులు" అని కాక "ఒక పంతులుకు ఎన్ని తరగతులు" అని అడగండి. టీచర్ల సంఖ్య, తరగతివారీగా పిల్లల సంఖ్య యూడైస్ రిపోర్టు కార్డులో ఎవరైనా చూడవచ్చు.

మన పిల్లలకు ఇంకో బరువుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, 2022-23 నుంచి పుస్తకంలో ఇంగ్లీషు. మొదటి రెండు తరగతుల్లో ఓపికగా మాట్లాడించే టీచరు దొరికితే అది మంచి బడి, గోడలకు రంగు వెలిసినా సరే.

మైనారిటీ గురుకులాలు 2016లో 71తో మొదలై ఇప్పుడు రెండు వందలు దాటాయి. అయిదో తరగతి నుంచి చదువు, తిండి, బస అన్నీ ఉచితం. సీటొస్తే పంపమనే మేము చెబుతాం. అయితే పిల్లలు పగలూ రాత్రీ ఉండే బడిని, సాయంత్రం ఇంటికి పోయి మేకలు తోలే పిల్లల బడితో పోల్చడం న్యాయం కాదు. పైగా ఊరి బడి పిల్లలకు గురుకులం పిల్లలకు లేని ఒక అవకాశముంది. అదే కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. బస, భోజనం సర్కారే పెట్టే గురుకులాల వారికి ఇది వర్తించదు. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ.

ఆడపిల్లల విషయంలో అడగాల్సింది ఒక్కటే: ఆరులో చేరినవారిలో పదిలో ఎందరు మిగిలారు? ఉచిత, నిర్బంధ విద్య హక్కు పద్నాలుగేళ్లతో, అంటే ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి చార్జీలకు చందా అక్కర్లేదు. కానీ బడి వేళకు బస్సు రాని పల్లెలున్నాయి. అక్కడ నలుగురైదుగురు పిల్లలకు నెలవారీ ఆటో కిరాయి కట్టడం బెంచీలు కొనివ్వడం కంటే ఎక్కువ పనిచేస్తుంది. బెంచీలు, మరుగుదొడ్లు, రంగులు 2022 నాటి మన ఊరు–మన బడి పనుల్లోనే ఉన్నాయి. ఇచ్చే ముందు హెడ్మాస్టరును, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని కనుక్కోండి.

ఎన్‌ఎంఎంఎస్‌కు ఎనిమిదో తరగతిలో ఉండగానే దరఖాస్తు పెట్టి పరీక్ష రాయాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండాలి. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ తీసుకోవడానికి ఇంటివాళ్లు కూలి ఒదులుకుని మండల కేంద్రానికి రావాలి. ఆ ఒక్కరోజు కూలి, కొన్ని మాదిరి ప్రశ్నల పుస్తకాలు మీరు చూసుకుంటే చాలు, ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పడానికి మా టీచర్లున్నారు.